కర్రలో స్ప్రింగ్ ఉండదు: బుబ్కా కెరీర్ వెనక లెక్క

2025 సెప్టెంబరు 15, సోమవారం సాయంత్రం. టోక్యోలో జరుగుతున్న ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు టీవీలో వస్తున్నాయి. పోల్‌వాల్ట్‌లో, అంటే పొడవాటి కర్ర సాయంతో ఎగిరి బార్ దాటే ఆటలో, స్వీడన్ కుర్రాడు అర్మాండ్ డుప్లాంటిస్ మూడో ప్రయత్నంలో 6.30 మీటర్ల బార్ దాటాడు. మన కొలతలో ఇరవై అడుగుల ఎనిమిది అంగుళాలు. రెండంతస్తుల డాబాను మెట్లెక్కకుండా ఇటునుంచి అటు దాటినట్టు.

మర్నాడు పొద్దున గ్రౌండులో తొమ్మిదో తరగతి పిల్లాడొకడు నా దగ్గరికి వచ్చాడు. "సార్, రాత్రి చూశా. ఆ కర్రలో స్ప్రింగ్ ఏవన్నా పెడతారా? లేకపోతే అంత ఎత్తుకి ఎట్టా పోతాడు?"

మాది ప్రకాశం జిల్లా తీరం. స్కూలు గోడ దాటితే సరుగుడు తోటలు, అవి దాటితే సముద్రం. ఇక్కడి పిల్లలకు కర్ర కొత్త కాదు. తోటల్లో గుట్టలు పేర్చిన సరుగుడు కర్రల మీదే ఆడుకుంటారు. కాబట్టి వాడి ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేకపోయాను. టీవీలో చూసినవాళ్లెవరికైనా అలాగే అనిపిస్తుంది. కర్ర విల్లులా వంగుతుంది, మనిషిని ఉండేలు దెబ్బలా పైకి విసురుతుంది. ఆ మెరుపంతా కర్రదే అనుకుంటాం.

అది నిజం కాదు. అదెందుకు నిజం కాదో తెలిస్తేనే ఈ ఆటలో ఛాంపియన్ కెరీర్ ఎలా ఉంటుందో అర్థమవుతుంది. ఉక్రెయిన్ పోల్‌వాల్టర్ సెర్గీ బుబ్కా అంతటివాడు 35 సార్లు ప్రపంచ రికార్డు రాసి, ఒలింపిక్ స్వర్ణం మాత్రం ఒక్కటే ఎందుకు తెచ్చుకున్నాడో కూడా అక్కడినుంచే అర్థమవుతుంది.

ముందు కాలువ దగ్గరికి పోదాం.

మా అమ్మమ్మ వాళ్లది పెన్నా డెల్టాలో, నెల్లూరు నుంచి అల్లూరు పోయే దారిలో ఒక ఊరు. చిన్నప్పుడు సెలవులకు పోతే పొలాల మధ్య పంటకాలువలు దాటడానికి పెద్ద పిల్లలు కర్ర వాడేవాళ్లు. పరుగెత్తుకొచ్చి కర్ర మొనను కాలువ మధ్యలో బురదలో గుచ్చి, దాన్ని పట్టుకుని అవతలి గట్టు మీదికి ఊగేవాళ్లు. ఒకరోజు నేనూ ప్రయత్నించాను. ఎంత పైన పట్టుకుంటే అంత దూరం పోతానని లెక్కేసి, కర్ర చివరికంటా చేతులు జరిపి పట్టుకున్నాను. కర్ర లేచింది, లేచింది, నిటారు కావడానికి జానెడు ముందు ఆగిపోయింది. ఒక్క క్షణం గాల్లో కదలకుండా ఉన్నాను. తర్వాత వచ్చినవైపుకే మెల్లగా వాలిపోయి నడుముల్లోతు నీళ్లలో పడ్డాను. పక్కనున్న పెద్దబ్బాయి చేయిచ్చి లేపుతూ, "అంత పైన పట్టుకుంటే అంత పరిగెత్తాల గదరా" అన్నాడు. పోల్‌వాల్ట్ గురించి ఆ తర్వాత నేను చదివిన పుస్తకాలన్నీ ఆ మాటకు వ్యాఖ్యానాలే.

కర్ర సొంతంగా ఏమీ ఇవ్వదు. పరుగెత్తేవాడు తెచ్చిన వేగాన్ని దాచి, దిక్కు మార్చి, ఎత్తుగా తిరిగి ఇస్తుంది. బక్కింగ్‌హామ్ కాలువలో పడవకు గడ వేసేవాళ్లను చూసినవాళ్లకు ఇది సులువుగా తెలుస్తుంది. గడ పడవను లాక్కుపోదు. నేలకు ఆని నిలబడుతుంది, అంతే. బలం మనిషిది.

లెక్క కూడా చూద్దాం. హైస్కూలు ఫిజిక్స్ చాలు. వేగాన్ని వేగంతో హెచ్చవేసి 19.6తో భాగిస్తే, ఆ వేగమంతా ఎత్తుగా మారితే ఎన్ని మీటర్లు వస్తుందో తేలుతుంది. ప్రపంచ స్థాయి వాల్టర్లు కర్ర పట్టుకుని సెకనుకు దాదాపు పది మీటర్ల వేగంతో వస్తారు. వందను 19.6తో భాగిస్తే 5.1 మీటర్లు. నిలబడినప్పుడే మనిషి బరువు కేంద్రం, అంటే బొడ్డు దగ్గర, నేలకు మీటరు ఎత్తులో ఉంటుంది. రెండూ కలిపితే 6.1. ఇందులో కొంత కర్ర గుచ్చే కుదుపులో పోతుంది, కొంత బార్ అవతలికి పోవడానికి అడ్డంగా మిగిలి ఉండాలి. ఆ పోయినదాన్ని పూడ్చి, పైన ఇంకాస్త కలిపేది చేతులు, భుజాలు, పొట్ట కండరాలు. గాల్లో తలకిందులై, కర్ర నిటారయ్యే వేళకు కాళ్లు ఆకాశంవైపు పెట్టి, చివరికి ఒంటి చేత్తో కర్రను కిందికి నెట్టడం. అందుకే ఈ ఆటలో రాణించేవాడికి స్ప్రింటర్ కాళ్లు, జిమ్నాస్ట్ భుజాలు రెండూ కావాలి.

అదే లెక్క స్ప్రింగ్ గురించి అడిగిన పిల్లాడికి వేశాను. కర్ర పట్టుకుని సెకనుకు ఏడు మీటర్లు పరుగెత్తాడనుకుంటే 49ని 19.6తో భాగించాలి. రెండున్నర మీటర్లు. బొడ్డు దాకా ఉన్న మీటరు ఎత్తు కలిపినా మూడున్నర దాటదు. డుప్లాంటిస్ కర్రే తెచ్చి చేతికిచ్చినా ఇంతే. నిజానికి ఇంత కూడా రాదు, ఆ కర్ర వాడి బరువుకు, వేగానికి కాస్తయినా వంగదు. చేయి జారితే చెయ్యి విరిగే ప్రమాదం.

మరి కర్ర వంగడం దేనికి? అక్కడే చాలామంది పొరబడతారు.

పెళ్లిపందిరి వేసేటప్పుడు నేలమీద పడుకోబెట్టిన పొడవాటి నిచ్చెనను ఒక్కడు నిలబెట్టడం చూసే ఉంటారు. ఎనిమిదడుగుల నిచ్చెన సులువుగా లేస్తుంది. ఇరవై అడుగుల నిచ్చెన సగంలో మొరాయిస్తుంది. గట్టి కర్రతో ఎగిరేవాడి ఇబ్బంది అచ్చంగా ఇదే. కర్ర చివర వేలాడే తన బరువును నిటారు దాకా తిప్పాలి. ఎంత పైన పట్టుకుంటే అంత కష్టం. కాలువలో నేను ఓడిపోయింది దీని దగ్గరే. ఇప్పుడు ఆ నిచ్చెన లేచేటప్పుడు ఎనిమిదడుగులుగా ముడుచుకుని, నిటారయ్యాక మళ్లీ ఇరవై అడుగులుగా సాగిందనుకోండి. వంగే కర్ర చేసే ఉపకారం అదే. వంగినప్పుడు కర్ర రెండు చివరల మధ్య దూరం తగ్గుతుంది, మనిషి నేలకు దగ్గరగా ఉంటాడు, సులువుగా ముందుకు తిరుగుతాడు. గుచ్చినప్పుడు తగిలే దెబ్బ కూడా మెత్తబడి, తెచ్చిన వేగం వృథా కాదు. వెదురు కాలంలో నాలుగు మీటర్లకు అటూఇటూ ఉండే పట్టు ఇప్పుడు ఐదు మీటర్లు దాటింది.

ఆ వెదురు కాలాన్ని చిన్నచూపు చూడకూడదు. అమెరికన్ కార్నీలియస్ వార్మర్‌డ్యామ్ వెదురు కర్రతోనే 1940లో తొలిసారి పదిహేను అడుగులు దాటాడు. 1942లో 4.77 మీటర్ల దాకా పోయాడు. ఆ రికార్డు 1957 వరకు చెక్కుచెదరలేదు. ఈలోగా లోహపు గొట్టాలొచ్చాయి, అయినా పెద్ద తేడా రాలేదు. 1960ల మొదట్లో ఫైబర్‌గ్లాస్ వచ్చాక ఎత్తులు అడుగుల లెక్కన పెరిగాయి. కర్రతోపాటు కిందపడే చోటూ మారింది. ఇసుక, రంపపు పొట్టు పోయి ఫోమ్ పరుపులొచ్చాయి. పదిహేనడుగుల పైనుంచి ఇసుకలో పాదాల మీద దిగాలంటే, దిగడం గురించే ఆలోచిస్తూ ఎగరాలి. పరుపు మీద వీపుతో పడొచ్చని తెలిశాకే బార్ పైన ఒళ్లు తిప్పడం గురించి ధైర్యంగా ఆలోచించగలిగారు. నా దృష్టిలో ఫైబర్ కర్రకు దక్కిన పేరులో సగం ఆ పరుపుకు రావాలి.

బుబ్కా

సెర్గీ బుబ్కా 1963 డిసెంబరు 4న ఇప్పటి ఉక్రెయిన్‌లోని లుహాన్స్క్‌లో పుట్టాడు. పదేళ్ల వయసులోనే విటాలీ పెత్రోవ్ అనే కోచ్ చేతిలో పడ్డాడు. కోచ్ దొనెత్స్క్‌కు మారితే, పదిహేనేళ్ల పిల్లాడు ఇల్లు వదిలి ఆయన వెంటే పోయాడు. ఈ ఒక్క సంగతి మీద నేను చాలాసార్లు ఆగిపోతుంటాను. పోల్‌వాల్ట్ ఒంటరిగా నేర్చుకునేది కాదు. ఎగిరేవాడికి గాల్లో తన ఒళ్లు ఎక్కడుందో కనపడదు. పక్కన నిలబడి ఏళ్ల తరబడి చూసే కళ్లు కావాలి.

పెత్రోవ్ నేర్పిన పద్ధతి అప్పటి ఆలోచనకు ఎదురుపోయింది. అందరూ కర్రను ఎలా ఎక్కువ వంచాలా అని చూస్తుంటే, ఆయన కర్రను ఎంత త్వరగా నిటారుకు తిప్పాలా అని చూశాడు. వంగడం దానంతటదే వస్తుంది, దాని కోసం ప్రయత్నించకూడదన్నాడు. చేతులు వీలైనంత ఎత్తుగా పెట్టి, కర్ర మొన బాక్సు వెనకగోడకు తగిలే క్షణానికే పాదం నేలను వదిలేయాలి. బాక్సు అంటే రన్‌వే (పరుగెత్తే దారి) చివర నేలలో దిగగొట్టిన లోహపు గుంట. మీటరు పొడవు, చివర ఇరవై సెంటీమీటర్ల లోతు. ఆ గుంటలోకి, ఐదు మీటర్ల కర్ర మొనను, సెకనుకు పది మీటర్ల వేగంతో పోతూ, సరైన అడుగులో దించాలి. అడుగు జానెడు ముందు పడితే కర్ర మనిషిని వెనక్కి గుంజుతుంది. జానెడు వెనక పడితే కర్ర అందుకునేలోపే వేగం చస్తుంది.

ఆ పద్ధతికి గట్టి కర్రలు కావాలి. ప్రతి కర్ర మీద పొడవు, ఎంత బరువు మనిషికి పనికొస్తుందో రాసి ఉంటుంది. బుబ్కా తన ఒంటి బరువుకు చెప్పినదానికంటే చాలా గట్టి కర్రలు వాడేవాడు. గట్టి కర్ర ఎక్కువ వేగాన్ని మింగి, ఎక్కువ ఎత్తును తిరిగి ఇస్తుంది, మింగడానికి తగినంత వేగం ఉంటేనే. లేకపోతే నా కాలువ కథే.

1983లో హెల్సింకీలో తొలి ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. ఎవరికీ తెలియని పందొమ్మిదేళ్ల కుర్రాడు 5.70 దాటి స్వర్ణం పట్టుకుపోయాడు. మరుసటి ఏడాది మేలో ఆరుబయట తొలి ప్రపంచ రికార్డు, 5.85. ఆ ఆగస్టు 31న రోమ్‌లో ఫ్రాన్స్ ఆటగాడు థియరీ విన్యెరాన్ 5.91 దాటి రికార్డు లాక్కున్నాడు. కొన్ని నిమిషాల్లోనే బుబ్కా బార్‌ను 5.94కు పెట్టించి దాటి మళ్లీ వెనక్కి తెచ్చుకున్నాడు. 1985 జులై 13న పారిస్‌లో ఆరు మీటర్లు. అంతకుముందు ఏ మనిషీ దాటని ఎత్తు అది. 1991లో 6.10 దాటాడు. 1993లో దొనెత్స్క్‌లో ఇండోర్‌లో 6.15, 1994 జులై 31న ఇటలీలోని సెస్ట్రియెరేలో ఆరుబయట 6.14.

ఆరుబయట పదిహేడు, ఇండోర్‌లో పద్దెనిమిది, మొత్తం ముప్పై ఐదు రికార్డులు. 5.85 నుంచి 6.14కు ఆరుబయట పెరిగింది మాత్రం 29 సెంటీమీటర్లే. జానెడున్నర. పదేళ్లలో పదిహేడు సార్లు కొంచెం కొంచెంగా గీసిన గీత అది. దీని మీద అప్పుడూ ఇప్పుడూ ఒక ఫిర్యాదు ఉంది. ఒకేసారి పది సెంటీమీటర్లు పెంచగలిగినవాడు సెంటీమీటరు సెంటీమీటరు ఎందుకు పెంచాడు, బోనస్ డబ్బుల కోసమేగా అని. పోటీ నిర్వాహకులు, కంపెనీలు రికార్డు కొట్టినప్పుడల్లా డబ్బులిచ్చేవాళ్లు, ఆ మాట నిజం. ఆయన కొన్ని ఎత్తుల్లో బార్‌కు బాగా పైనుంచి పోవడమూ నిజం.

కానీ ఇందులో తప్పేముంది? వాల్టర్ రోజూ ఆ స్థితిలో ఉండడు. వేగం, గాలి, కర్ర, అడుగు, నడుము, మనసు అన్నీ ఒకే సాయంత్రం కలిసిరావాలి. కలిసొచ్చిన సాయంత్రం బార్ సెంటీమీటరు పైన పెడితే రికార్డు ఖాయం, పది పైన పెడితే ఏమీ రాకపోవచ్చు. ప్రపంచ రికార్డు కనీసం ఒక సెంటీమీటరు పెరగాలన్నదే నిబంధన. రైతు పంటను ధర చూసి బస్తా బస్తాగా అమ్ముకుంటే తప్పు పట్టం. ఈ ఆటలో పండించుకునే కాలం పదేళ్లో పదిహేనేళ్లో. డుప్లాంటిస్ చేస్తున్నదీ అదే. 2020 ఫిబ్రవరిలో 6.17తో మొదలుపెట్టి 2025 సెప్టెంబరులో 6.30 దాకా పద్నాలుగు మెట్లు, ఒక్కో మెట్టూ ఒక్కో సెంటీమీటరు.

మధ్యలో ఇంకో చిక్కుముడి ఉంది. బుబ్కా ఇండోర్‌లో 6.15 దాటినా, చాలా ఏళ్లు రికార్డు పుస్తకంలో ప్రపంచ రికార్డుగా 6.14 కనపడేది. అప్పట్లో రెండు లెక్కలూ వేరు. తర్వాత నిబంధన మారింది. పైన కప్పు ఉన్నా లేకపోయినా ఎత్తు ఎత్తే అన్నారు, కానీ పాత ఎత్తులకు దాన్ని వర్తింపజేయలేదు. అందుకే 2014 ఫిబ్రవరి 15న ఫ్రాన్స్‌కు చెందిన రెనో లావిలెనీ బుబ్కా ఎదిగిన ఊరైన దొనెత్స్క్‌లోనే, ఆయన కళ్లముందే ఇండోర్‌లో 6.16 దాటితే, అది నేరుగా ప్రపంచ రికార్డయింది. అదేరోజు 6.21కి ప్రయత్నిస్తూ లావిలెనీ పాదానికి గాయం చేసుకున్నాడు. ఇరవై ఏళ్ల రికార్డు కొట్టిన సాయంత్రమే కుంటుకుంటూ పోవాల్సి రావడం ఈ ఆటలో కొత్తేమీ కాదు.

ఒక్క స్వర్ణమే ఎందుకు

ఇప్పుడు అసలు ముడి. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్, 1983, 87, 91, 93, 95, 97. ఒకడు పద్నాలుగేళ్లపాటు వరసగా ఆరు ప్రపంచ పోటీలు గెలిచాడు. అదే మనిషికి ఒలింపిక్స్‌లో ఒక్కటంటే ఒక్కటే స్వర్ణం, 1988 సియోల్‌లో. "ఒలింపిక్స్ ఆయనకు అచ్చిరాలేదు" అని రాసేస్తారు. నాకు ఆ మాట నచ్చదు. ఒక్కో ఒలింపిక్స్ విడిగా చూస్తే అచ్చిరాకపోవడం అంటూ ఏమీ మిగలదు.

1984 లాస్ ఏంజెలెస్‌కు అప్పటి ఆయన దేశం సోవియట్ యూనియన్ పోలేదు, రాజకీయ బహిష్కరణ. అక్కడ స్వర్ణం 5.75కి వచ్చింది. బుబ్కా ఆ ఏడాది మేలోనే 5.85 దాటి ఉన్నాడు. 1988లో గెలిచాడు. 1996 అట్లాంటాలో మడమ దగ్గర స్నాయువు గాయంతో ఎగరకుండానే వెనుదిరిగాడు. 2000 సిడ్నీకి వచ్చేసరికి ముప్పై ఆరేళ్లు. క్వాలిఫయింగ్‌లో 5.70 దగ్గర మూడుసార్లూ తప్పాడు. అంటే పూర్తి ఫామ్‌లో, ఒంట్లో నలత లేకుండా ఆయన ఒలింపిక్స్‌లో ఎగిరింది రెండుసార్లే, సియోల్‌లో, 1992 బార్సిలోనాలో. ఒకటి గెలిచాడు, ఒకటి పోయింది.

ఆ బార్సిలోనా అర్థం కావాలంటే నిబంధన తెలియాలి. పోల్‌వాల్ట్‌లో ఏ ఎత్తు దగ్గర మొదలుపెట్టాలో ఆటగాడి ఇష్టం. అవసరం లేదనుకున్న ఎత్తును వదిలేయొచ్చు. కానీ వరసగా మూడుసార్లు తప్పితే ఇంటికే. ఆ మూడూ ఒకే ఎత్తులో కానక్కర్లేదు. మొదటి ఎత్తులోనే మూడూ తప్పితే, ఎంతటి ఛాంపియనైనా ఫలితాల పట్టికలో పేరు పక్కన ఒక్క ఎత్తూ ఉండదు.

మరి పెద్ద ఆటగాళ్లు కింది ఎత్తులో ఒకసారి దాటి భద్రంగా పెట్టుకోవచ్చు కదా? పిల్లలు ఎప్పుడూ ఇదే అడుగుతారు. దీనికి రెండు కారణాలు. ప్రతి ఎగురుడూ ఒంట్లో శక్తిని తోడేస్తుంది. పోటీ రెండు మూడు గంటలు సాగుతుంది, మంచి ఎగురుళ్లు ఒకరోజుకు ఏడో ఎనిమిదో ఉంటాయి. రెండోది కర్ర. తక్కువ ఎత్తుకు కాస్త మెత్తని కర్ర, ఎక్కువ ఎత్తుకు గట్టి కర్ర కావాలి. కర్ర మారితే పట్టు మారుతుంది, రన్‌అప్ మొదలుపెట్టే గుర్తు మారుతుంది, బార్ నిలబెట్టే స్తంభాలను ముందుకు వెనక్కి జరపాల్సి వస్తుంది. గట్టి కర్రలకు అలవాటుపడ్డ బుబ్కా లాంటివాడికి 5.40 దగ్గర ఎగరడం భద్రం కాదు, అదింకో కొత్త చిక్కు.

అందుకే సియోల్‌లోనూ ఎత్తుగానే మొదలుపెట్టాడు. 5.90 దగ్గర రెండుసార్లు తప్పి, మూడోసారి దాటి స్వర్ణం గెలిచాడు. ఆ మూడోది తప్పి ఉంటే ఆయన ఖాతాలో ఒలింపిక్ స్వర్ణమే ఉండేది కాదు. నాలుగేళ్ల తర్వాత బార్సిలోనాలో 5.70 దగ్గర మొదలుపెట్టి రెండుసార్లు తప్పాడు. మిగిలిన ఒక్క అవకాశాన్ని 5.75కి దాచుకున్నాడు. అదీ తప్పాడు. 6.10 దాటిన ఏకైక మనిషి ఒక్క ఎత్తూ లేకుండా బయటికొచ్చాడు. స్వర్ణం మక్సిమ్ తరాసోవ్‌కు 5.80 మీటర్లకు దక్కింది.

ఒకే మనిషి, ఒకే పద్ధతి, ఒకే రకం తెగింపు. ఒకచోట మూడో ఎగురుడు బార్ పైనుంచి పోయింది, ఇంకోచోట పోలేదు. 6.30 కూడా డుప్లాంటిస్‌కు మూడో ప్రయత్నంలోనే వచ్చింది. 2024 ఆగస్టు 5న పారిస్ ఒలింపిక్స్‌లో 6.25 కూడా మూడోదే. ఆ కుర్రాడి మీద ఎంత ప్రేమ ఉన్నా, ఈ సంగతి మరిచిపోయి చూడకూడదు.

తప్పిన ఎగురుళ్ల లెక్కకు ఇంకో విలువా ఉంది. ఇద్దరు ఒకే ఎత్తు దగ్గర ఆగిపోతే, తక్కువసార్లు తప్పినవాడు పైన ఉంటాడు. 1936 బెర్లిన్‌లో జపాన్ ఆటగాళ్లు నిషిదా, ఓయే ఇద్దరూ 4.25 దగ్గర ఆగి, ఒకరితో ఒకరు మళ్లీ పోటీపడబోమన్నారు. ఒకరికి రజతం, ఇంకొకరికి కాంస్యం ఇచ్చారు. ఊరికి పోయాక రెండు పతకాలనూ సగానికి కోయించి, సగం వెండి సగం కంచుగా అతికించుకుని ఒక్కొక్కరు ఒక్కోటి ఉంచుకున్నారు. ఈ ముచ్చట చెప్పినరోజు మా క్లాసులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మన దగ్గర

డుప్లాంటిస్ తండ్రి గ్రెగ్ కూడా పోల్‌వాల్టరే, 5.80 దాటినవాడు. తల్లి హెలెనా అథ్లెట్. అమెరికాలోని లూసియానాలో వాళ్ల ఇంటి పెరట్లోనే రన్‌వే, కిందపడే పరుపు (పిట్) ఉండేవి. మూడు నాలుగేళ్ల వయసుకే పిల్లాడు చీపురుకర్రతో మొదలుపెట్టాడు. యెలెనా ఇసిన్‌బయేవా వేరే దారిలో వచ్చింది. వోల్గోగ్రాడ్‌లో పదిహేనేళ్ల దాకా జిమ్నాస్ట్, ఎత్తు పెరిగిపోయిందని ఈ ఆటకు మారింది. 2005లో ఐదు మీటర్లు దాటిన తొలి మహిళ అయింది. ఆడవాళ్లకు ఒలింపిక్స్‌లో పోల్‌వాల్ట్ పెట్టిందే 2000లో.

మన దేశంలో సుబ్రమణి శివ 2022 జాతీయ క్రీడల్లో 5.31 దాటాడు. దేవ్ కుమార్ మీనా 2025 ఏప్రిల్‌లో కొచ్చిలో 5.35 దాటాడు. ఆడపిల్లల్లో తమిళనాడు వాళ్లదే పేరు. సురేఖ 2014లో 4.15, ఆ రికార్డును 2022లో రోజీ మీనా పాల్‌రాజ్ 4.20తో దాటింది. నెల్లూరు నుంచి చెన్నైకి రైల్లో మూడు గంటలు. మూడు గంటల దూరంలో ఆడపిల్లలు నాలుగు మీటర్లు దాటుతుంటే, మా ప్రాంతంలో చాలామంది పిల్లలు పోల్‌వాల్ట్ కర్రను చేత్తో ముట్టుకుని కూడా ఎరగరు. పిల్లల్లో తేడా లేదు. ఆ సంగతి గ్రౌండులో రోజూ చూస్తున్నాను.

తేడా ఎక్కడుందంటే, ఒక మంచి ఫైబర్ కర్ర ధర మామూలు బైకు ధరకు దగ్గరగా ఉంటుంది. ఒకటి కొంటే చాలదు. పిల్లాడు ఐదు కిలోలు పెరిగితే, ఒక అడుగు వేగం పెరిగితే కర్ర మారాలి. బడి స్థాయిలోనే నాలుగైదు రకాల కర్రలుండాలి. ఐదు మీటర్ల కర్రను బస్సెక్కించలేం, రైలు పెట్టెలో సీటు కింద పెట్టలేం. ఫోమ్ పిట్ ఒక గది అంత ఉంటుంది, వానకు తడిస్తే పాడవుతుంది. సముద్రపు గాలికి మా దగ్గర ఇనుమే ఏడాదిలో పొడిపొడి అవుతుంది, ఫోమ్ సంగతి చెప్పక్కర్లేదు. వీటన్నిటికంటే ముందు, పక్కన నిలబడి చూసే కోచ్ కావాలి. కర్రలు డబ్బు పెడితే వస్తాయి. పదేళ్ల పిల్లాడిని పాతికేళ్లు వచ్చేదాకా చూస్తూ ఉండే మనిషి డబ్బు పెడితే రాడు. నేను ఈ వ్యాసం రాస్తున్నది కూడా అలాంటివాళ్లు మా తీరంలో ఇద్దరో ముగ్గురో తయారైతే బాగుండునన్న ఆశతోనే. మొదటి రెండేళ్ల పాఠాలకు ఫైబర్ కర్ర అక్కర్లేదు. లాంగ్‌జంప్ ఇసుక గుంట, ఒక వెదురు బొంగు, తాడు మీద వేలాడే అలవాటు చాలు.

స్ప్రింగ్ గురించి అడిగిన పిల్లాడితో అదే చేస్తున్నాను. పిడికిలి నిండుగా పట్టేంత లావు వెదురు బొంగు తెచ్చి, కణుపులు నున్నగా చెక్కించి, మెడికల్ షాపులో దొరికే తెల్ల ప్లాస్టరుతో బెత్తెడుకొక గుర్తు చుట్టాను. మొదటిరోజు పట్టు వాడు నిలబడి చెయ్యెత్తితే అందేంత ఎత్తులోనే. నాలుగడుగులు నడిచి, మొనను తడి ఇసుకలో దించి, కర్రకు కుడివైపున వేలాడుతూ అవతల రెండు కాళ్ల మీద దిగాలి. ఎగరడం లేదు, ఊగడమే. వారానికి కర్ర నిటారు దాటి అవతలికి పోవడం మొదలైంది. ఒక గుర్తు పైకి జరిగాం. రెండో వారం ఇంకోటి.

మొన్న శుక్రవారం వాడు నాకు చెప్పకుండా ఒకేసారి రెండు గుర్తులు పైన పట్టుకుని వచ్చాడు. కర్ర లేచింది, నిటారుకు కాస్త ముందు ఆగింది, వాణ్ని వెనక్కే దించింది. ఇసుకలో కూర్చుని కర్రవైపు చూస్తూ, "సార్, ఇంకో గుర్తు పైన పట్టుకోనా?" అన్నాడు.

"వద్దబ్బయ్యా" అన్నాను. "పట్టు అక్కడే ఉంచు. పోయి రెండడుగులు వెనకనుంచి పరిగెత్తుకుంటా రా."

వాడు లేచి, నిక్కరుకు అంటిన ఇసుక దులుపుకుని, సరుగుడు తోట వైపు రెండడుగులు వెనక్కి పోయి మడమతో కొత్త గీత గీసుకున్నాడు.